నల్ల బుర్ఖా ఊదా రంగులో పడితే తప్పెవరిది? తొలి డిజిటల్ రేంజ్‌ఫైండర్లు మూడింటి కథ

మే నెల. నూజివీడు పక్కన ఓ మామిడి తోటలో షామియానా వేసి నికాహ్ చేస్తున్నారనుకుందాం. దూల్హా నల్ల షేర్వానీలో ఉన్నాడు. ఖాలాలు, ఫుప్పీలు నల్ల బుర్ఖాల్లో కూర్చున్నారు. వెనకాల ముదురాకుపచ్చ చినరసం చెట్లు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మామూ కొడుకు, ముందు భాగంలో ఎర్ర చుక్క ఉన్న ఓ చిన్న పాత కెమెరాతో ఫొటోలు తీశాడు. సాయంత్రం లాప్‌టాప్‌లో వేసి చూస్తే షేర్వానీ వంకాయ రంగులో ఉంది. ఒక ఖాలా బుర్ఖా నల్లగానే ఉంది, పక్కనే కూర్చున్న ఇంకొకరిది ఊదా రంగుకు తిరిగింది. చెట్ల ఆకులేమో పండుబారినట్టు పసుపు కొడుతున్నాయి.

ఇంట్లో అందరూ కుర్రాడినే తిడతారు. "లక్షలు పోసి కెమెరా కొన్నావు, ఫోన్‌లో తీసినా ఇంతకంటే బాగుండేది కదా" అంటారు. ఆ కెమెరా 2006లో వచ్చిన లైకా ఎం8 అయితే మాత్రం కుర్రాడి తప్పేమీ లేదు. సెన్సర్ ముందు పెట్టిన ఒక గాజు పలక మందం అర మిల్లీమీటరే ఉండటం వల్ల జరిగిన పని అది.

ఇరవై ఏళ్ల కిందటి ఈ కెమెరాల గురించి ఇప్పుడెందుకు అంటే, పాత సీసీడీ సెన్సర్ల రంగుల మీద కుర్రకారుకు మళ్లీ మోజు పుట్టింది. సెకండ్ హ్యాండ్‌లో ఇవి చేతులు మారుతూనే ఉన్నాయి. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. నికాహ్ ఒక్కసారే జరుగుతుంది, ఆ ఫొటోలు మళ్లీ తీయలేం. అందుకే డబ్బు పెట్టేముందు ఈ మూడు కెమెరాలకు ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకోవాలి. అవి ఎప్సన్ ఆర్-డి1, లైకా ఎం8, లైకా ఎం9.

రేంజ్‌ఫైండర్ అంటే ఏంటి?

పెళ్లిళ్లలో మనం చూసే పెద్ద కెమెరాల్లో, అంటే ఎస్‌ఎల్‌ఆర్‌లలో, లెన్స్ వెనకాల ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును ఆ అద్దం పైకి తిప్పి మన కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే పైకి లేస్తుంది. 'టప్' అనే ఆ చప్పుడులో సగం దానిదే.

రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దం ఉండదు. కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కెమెరా ముందు భాగంలో ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడి, జంట బొమ్మలా కనిపిస్తాయి. లెన్స్ రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒక్కటవుతాయి. ఒక్కటయ్యాయంటే ఫోకస్ కుదిరినట్టే. మన రెండు కళ్లు దూరాన్ని అంచనా వేసే పద్ధతి కూడా దాదాపు ఇదే.

దాదాజాన్ అల్మారాలో యాషికా ఎలక్ట్రో 35 ఉంటే అదీ ఈ జాతి కెమెరానే, 1966లో వచ్చింది. లెన్స్ మార్చుకునే రకంలో పేరు మోసింది జర్మనీ కంపెనీ లైకా. 1954లో ఎం3 అనే మోడల్‌తో వాళ్లు తెచ్చిన లెన్స్ బిగింపు నేటికీ మారలేదు. అప్పటి లెన్స్‌లు చాలా వరకు ఇప్పటి బాడీకీ పడతాయి.

చిక్కంతా కిటికీ గాజు దగ్గరే

మధ్యలో అద్దం లేదు కాబట్టి రేంజ్‌ఫైండర్ లెన్స్ ఫిల్ముకు చాలా దగ్గరగా కూర్చుంటుంది. నికాన్ ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ బిగింపు నుంచి ఫిల్ముకు 46.5 మిల్లీమీటర్ల దూరం. లైకా ఎం రకంలో అది 27.8 మిల్లీమీటర్లే. దీనివల్ల కెమెరా సన్నగా ఉంటుంది, వైడ్ లెన్స్‌లు చిన్నగా చేసుకోవచ్చు. కానీ బొమ్మ మూలలకు చేరే వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది.

ఫిల్ముకు ఏటవాలు వెలుగుతో పెద్ద ఇబ్బంది లేదు. సెన్సర్ సంగతి వేరు. దాని మీద లక్షల కొద్దీ సన్నటి గుంటలు ఉంటాయి. తోటలో పాత బావిని గుర్తు తెచ్చుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండ నీళ్ల దాకా దిగుతుంది, సాయంత్రం వాలుటెండ గోడ మీదే ఆగిపోతుంది. సెన్సర్ మూలల్లో జరిగేది అదే. మధ్యలో బొమ్మ వెలుగ్గా, మూలలు చీకటిగా వస్తాయి.

రెండో చిక్కు సెన్సర్‌ను కప్పే గాజు. మన కంటికి కనపడని పరారుణ కిరణాలు సెన్సర్‌కు కనపడతాయి. టీవీ రిమోట్ కొసన వెలిగేది అలాంటి వెలుగే. దాన్ని ఆపడానికి ఈ గాజును వడపోతగా పెడతారు. గాజు మందంగా ఉంటే వడపోత బాగా జరుగుతుంది. అయితే ఏటవాలు కిరణం మందపాటి గాజులోంచి వెళ్తే పక్కకు జరిగి, మూలల్లో బొమ్మ మసకబారుతుంది.

అంటే గాజు మందంగా పెడితే మూలలు పోతాయి, పల్చగా పెడితే రంగులు పోతాయి. ఈ మూడు కెమెరాలూ ఆ ఒక్క చిక్కుకు మూడు రకాల జవాబులు.

ఎప్సన్ ఆర్-డి1: ముందు వచ్చింది, చిన్నదానితో సర్దుకుంది

లెన్స్ మార్చుకునే డిజిటల్ రేంజ్‌ఫైండర్‌ను ప్రపంచంలో మొదట అమ్మింది లైకా అనుకుంటారు చాలామంది. అది తెచ్చింది ప్రింటర్లు చేసే ఎప్సన్. 2004లో ఆర్-డి1 వచ్చింది. బాడీ చేసిచ్చింది జపాన్‌కే చెందిన కొసీనా కంపెనీ, అప్పటికే బెస్సా అనే ఫిల్మ్ రేంజ్‌ఫైండర్లు చేస్తున్నవాళ్లు.

ఎప్సన్ తీసుకున్నది 61 లక్షల పిక్సెళ్ల చిన్న సెన్సర్. ఫిల్ము సైజు కంటే చిన్నది కావడంతో లెన్స్ ఇచ్చే బొమ్మలో నడిమి భాగాన్నే వాడుకుంటుంది. ఇబ్బంది పెట్టే మూలలు చాలా వరకు బయటే ఉండిపోతాయి. అయినా వైడ్ లెన్స్ పెడితే చీకటి మూలలు కనపడతాయి. దీనికి చెల్లించే మూల్యం ఏంటంటే ప్రతి లెన్స్ ఒకటిన్నర రెట్లు జూమ్ అయినట్టు ఉంటుంది. 35 మిల్లీమీటర్ల లెన్స్ 53 లాగా చూపిస్తుంది. షామియానా కింద కుటుంబం అంతా ఒక్క ఫొటోలో పట్టాలంటే వెనక్కి నడవాల్సిందే.

వాడకంలో ఇది ఫిల్మ్ కెమెరానే. ప్రతి ఫొటోకు ముందు బొటనవేలితో లీవర్ లాగాలి. లోపల ఫిల్ము లేకపోయినా షట్టర్‌ను బిగించేది ఆ లీవరే. పైన గడియారంలా ముళ్లున్న డయల్ ఉంటుంది. ఎన్ని ఫొటోలు మిగిలాయి, బ్యాటరీ ఎంత ఉంది అనేవి ముళ్లే చెబుతాయి. వెనక తెరను తిప్పి లోపలికి మూసేయొచ్చు. కిటికీలో బొమ్మ అసలు సైజులోనే కనపడుతుంది కాబట్టి రెండు కళ్లూ తెరిచే తీయొచ్చు.

లోటు ఫోకస్ దగ్గర ఉంది. రెండు కిటికీల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితంగా కుదురుతుంది. కిటికీలో బొమ్మ ఎంత చిన్నదిగా చూపిస్తుందో కూడా లెక్కలో కలిపితే ఆర్-డి1లో అది సుమారు 38 మిల్లీమీటర్లు, లైకా ఎం8లో 47. పొడుగు లెన్స్‌లతో దుల్హన్ ముఖం తీయాలంటే ఎప్సన్‌తో ఫోకస్ తప్పే అవకాశం ఎక్కువ. ఇంకో మాట, ఇది 2 జీబీ దాకా ఉన్న ఎస్‌డీ కార్డులే తీసుకుంటుంది. ఇప్పుడు దుకాణంలో దొరికే 64 జీబీ కార్డు దీనికి పనికిరాదు.

లైకా ఎం8: మూలలు గెలిచాయి, నలుపు ఓడింది

2006 సెప్టెంబర్‌లో లైకా ఎం8 వచ్చింది. కోడాక్ చేసిన 103 లక్షల పిక్సెళ్ల సీసీడీ సెన్సర్. సైజులో ఎప్సన్ కంటే పెద్దది, ఫిల్ము కంటే చిన్నది. 35 లెన్స్ ఇందులో సుమారు 47 లాగా పనిచేస్తుంది. మూలల్లో ఏటవాలు వెలుగు గుంటల్లోకి దిగడానికి సెన్సర్ మీది సూక్ష్మ లెన్స్‌లను అంచుల దగ్గర మధ్య వైపుకు కొంచెం జరిపి పెట్టారు.

గాజు విషయంలో మాత్రం లైకా సాహసం చేసింది. మూలలు పదునుగా రావాలని గాజును 0.5 మిల్లీమీటర్లకు తగ్గించింది. మూలలు పదునుగానే వచ్చాయి, పరారుణ కిరణాలు కూడా లోపలికి వచ్చేశాయి.

నల్లగుడ్డ మన కంటికి నల్లగా ఎందుకు ఉంటుంది? కనిపించే వెలుగును అది మింగేస్తుంది కాబట్టి. అయితే చాలా నల్ల రంగులు, ముఖ్యంగా పాలిస్టర్, నైలాన్ లాంటి సింథటిక్ బట్టల మీద వేసేవి, పరారుణ కిరణాలను మింగకుండా వెనక్కి కొడతాయి. ఎం8 సెన్సర్ దాన్ని ఎరుపు, నీలం కలిసిన రంగుగా రాసుకుంటుంది. అలా నలుపు ఊదా అవుతుంది. ఒక బుర్ఖా నల్లగా ఉండి పక్కది ఊదాగా మారిందంటే, రెండింటి గుడ్డా రంగూ వేరని అర్థం. ఆకులదీ ఇదే కథ. పచ్చని ఆకు పరారుణాన్ని బాగా వెనక్కి కొడుతుంది. అందుకే తోట పచ్చదనం పసుపు వైపు పోతుంది.

కంప్యూటర్‌లో సరిచేయొచ్చు కదా అనొచ్చు. ఫొటో మొత్తానికి ఒకేలా రంగు మారితే సరిచేయడం తేలిక. ఇక్కడ ఒక గుడ్డ మారి ఒక గుడ్డ మారలేదు. ఊదా తీసేద్దామని చూస్తే దుల్హన్ దుపట్టా రంగు కూడా పోతుంది.

కెమెరాలు అమ్ముడుపోయాక, కొన్నవాళ్ల ఫొటోల్లో నల్ల కోట్లు ఊదాగా కనిపించాయి. ఆ ఏడాది చివర్లో లైకా సమస్యను ఒప్పుకుంది. ఎం8 కొన్న ప్రతి ఒక్కరికీ పరారుణాన్ని ఆపే ఫిల్టర్లు రెండు ఉచితంగా ఇచ్చింది. ఫిల్టర్‌ను లెన్స్ ముందు బిగిస్తే నలుపు మళ్లీ నలుపవుతుంది. వైడ్ లెన్స్‌లతో మాత్రం ఆ ఫిల్టరే మూలల్లో నీలిపచ్చ ఛాయ తెస్తుంది. అది పోవాలంటే లెన్స్ మీద కెమెరా గుర్తుపట్టే కోడ్ ఉండాలి.

నలుపు తెలుపు ఫొటోలు తీసేవాళ్లకు ఈ లోపమే లాభం. ఫిల్టర్ లేకుండా, కనిపించే వెలుగును ఆపే ఇంకో రకం ఫిల్టర్ పెట్టి తోటలో తీస్తే ఆకులు మంచు కురిసినట్టు తెల్లగా వస్తాయి. అలా తీయడం కోసమే ఎం8ను వెతుక్కుని కొనేవాళ్లున్నారు.

లైకా ఎం9: రంగు కుదిరింది, గాజు కరిగింది

2009 సెప్టెంబర్ 9న ఎం9 వచ్చింది. సెన్సర్ సరిగ్గా ఫిల్ము సైజు, 180 లక్షల పిక్సెళ్లు. 35 లెన్స్ 35 లాగానే చూపిస్తుంది. దాదా కాలం నాటి లెన్స్ ఎంత వెడల్పు చూపించాలో అంతా చూపిస్తుంది.

ఈసారి గాజు మందం 0.8 మిల్లీమీటర్లు. పరారుణాన్ని గట్టిగా ఆపే వేరే రకం గాజు వాడారు. షేర్వానీ నల్లగానే, మామిడాకు పచ్చగానే వచ్చాయి. లెన్స్ ముందు ఫిల్టర్ అవసరం తీరిపోయింది.

కొన్నేళ్లకు ఇంకో సమస్య బయటపడింది. ఆ గాజుకు తేమను తట్టుకునే శక్తి తక్కువ. దాని మీది పూత దెబ్బతిన్న చోట గాజు తినేసినట్టయి, ఫొటోల్లో చుట్టూ వలయం ఉన్న చిన్న చిన్న మచ్చలు వచ్చాయి. 2014లో లైకా దీన్ని ఒప్పుకుని, కొన్నేళ్ల పాటు సెన్సర్లను ఉచితంగా మార్చింది. గాజు రకం మార్చిన కొత్త సెన్సర్లు అవి. తర్వాత ఉచితం ఆగింది, చివరికి ఆ సెన్సర్ల నిల్వ కూడా అయిపోయింది. కాబట్టి ఈ రోజు ఎం9లో రెండు రకాలు ఉన్నాయనుకోవాలి, సెన్సర్ మారినది, మారనిది. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లే మన కోస్తా ఇళ్లలో రెండో రకం కొనడం చేతులారా నష్టం తెచ్చుకోవడమే.

ఫంక్షన్‌లో ఏది పనికొస్తుంది?

ఈ మూడింట్లో దేనికీ ఆటోఫోకస్ లేదు, వీడియో లేదు, తెర మీద చూస్తూ తీసే వీలు లేదు. లైకా రెండూ సెకనుకు సుమారు 2 ఫొటోలు తీస్తాయి. ఎప్సన్‌కు ప్రతిసారీ లీవర్ లాగాల్సిందే. పరిగెత్తే పిల్లల్ని పట్టుకోవడానికి ఇవి తగవు.

మెహెందీ చేతుల దగ్గర కూడా ఇబ్బంది ఉంది. ఈ రకం కెమెరాలు సాధారణంగా 70 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ చేయవు. అరచేతిలో పూల గీతలు ఫ్రేమ్ నిండా రావాలంటే ఫోనే మేలు.

వీటి బలం వేరే చోట ఉంది. ముఖానికి అడ్డంగా పెద్ద యంత్రం ఉండదు కాబట్టి దువా చేస్తున్న నానీ, కళ్లు తుడుచుకుంటున్న అబ్బా ఇబ్బంది పడకుండా ఉంటారు. కిటికీలో ఫ్రేము గీతల బయట ఏముందో కూడా కనపడుతుంది. ఎవరు నడిచి వస్తున్నారో ముందే తెలుస్తుంది. ఫ్లాష్ లేకుండా, మెల్లగా తీసే ఫొటోలకు ఇవి బాగుంటాయి. చీకటి పడ్డాక మాత్రం పాత సీసీడీ సెన్సర్లు తేలిపోతాయి. ఐఎస్‌ఓ బాగా పెంచితే బొమ్మ ఇసక చల్లినట్టు అవుతుంది.

డబ్బు లెక్క

అమెరికాలో ఆర్-డి1 మొదటి ధర సుమారు 3,000 డాలర్లు, ఎం8 4,795, ఎం9 6,995. అప్పటి మారకం రేట్ల ప్రకారం పన్నులు కాక వరసగా 1.35 లక్షలు, 2.2 లక్షలు, 3.4 లక్షల రూపాయలకు దగ్గర. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ధర అంతకంటే ఎంతో తక్కువ చెబుతుంటే 'భలే బేరం' అనిపిస్తుంది.

లెక్క వేయాల్సింది ఇలా. లెన్స్ ఒక ఆస్తి లాంటిది. బూజు పట్టకుండా చూసుకుంటే పదేళ్లకు కూడా కొన్న ధరకు దగ్గరలో అమ్మవచ్చు, కొత్త బాడీకి కూడా పడుతుంది. డిజిటల్ బాడీ అలా కాదు, ఏటా తరుగుదలే. సెన్సర్ పోయినా, తెర పోయినా, విడిభాగం దొరక్కపోతే ఆ రోజుతో దాని విలువ సున్నా. ఎం8 వెనక తెర మీద కాఫీ ఒలికినట్టు మచ్చ వచ్చిన కేసులు ఉన్నాయి. ఆ తెరకు బదులు ఇంకోటి దొరకడం కష్టం. పైగా ఎం8 అయితే ప్రతి లెన్స్ సైజుకు ఒక ఫిల్టర్ ఖర్చు బాడీ ధరకు కలపాలి. కాబట్టి డబ్బులో ఎక్కువ భాగం లెన్స్ మీద పెట్టి, బాడీ మీద పోయినా తట్టుకోగలిగినంతే పెట్టడం తెలివైన పని. అప్పు చేసి, కిస్తీలకు కొనాల్సిన సరుకు ఇది కాదు.

కొనే ముందు ఐదు పరీక్షలు

ఒకటి. ఎం8ను దుకాణంలో ఎల్‌ఈడీ లైట్ల కింద పరీక్షించి మోసపోవద్దు. ఎల్‌ఈడీ వెలుగులో పరారుణం దాదాపు ఉండదు, నల్లగుడ్డ నల్లగానే వస్తుంది. ఎండలోకి తీసుకెళ్లి, లేదా పాత హాలోజెన్ దీపం కింద, నల్ల నైలాన్ గొడుగు, నల్ల పాలిస్టర్ దుపట్టా రెండూ పక్కపక్కన పెట్టి తీయండి. ఫిల్టర్ పెట్టి ఒకటి, తీసేసి ఒకటి.

రెండు. ఎం9 అయితే లెన్స్ ద్వారాన్ని ఎఫ్16కు మూసి తెల్ల గోడను తీయండి. పెద్దది చేసి చూడండి. దుమ్ము అయితే శుభ్రం చేశాక పోతుంది లేదా జరుగుతుంది. వలయం ఉన్న మచ్చ అక్కడే ఉంటే అది గాజు జబ్బు. సెన్సర్ మార్చామంటే సర్వీసు కాగితం అడగండి.

మూడు. దూరంగా ఉన్న మసీదు మినార్‌ను చూస్తూ లెన్స్‌ను చివరిదాకా తిప్పండి. జంట బొమ్మలు అక్కడ సరిగ్గా ఒక్కటవ్వాలి, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండకూడదు. తర్వాత మీటరు దూరంలో పేపరు పెట్టి ఒక లైను మీద ఫోకస్ చేసి తీయండి. వేరే లైను స్పష్టంగా వస్తే లోపలి అమరిక తప్పింది. ఎప్సన్‌కు ఈ పరీక్ష తప్పనిసరి.

నాలుగు. మీ దగ్గరున్న కార్డు వేసి కనీసం వంద ఫొటోలు తీయండి. బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందో చూడండి. దానికి బదులు ఇంకో బ్యాటరీ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఐదు. లెన్స్‌ను టార్చి ముందు పెట్టి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. కొన్నాక సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే డబ్బాలో ఉంచండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. సరుకులో ఐబు ఉంటే చెప్పి అమ్మమని మన ఇళ్లలో పెద్దలు చెప్పేది ఇలాంటి వాటికే. ఫిల్టర్ లేని ఎం8, సెన్సర్ మార్చని ఎం9 అమ్మడం తప్పు కాదు. ఆ సంగతి చెప్పి, దానికి తగ్గ ధర అడగాలి.

ఒకే కెమెరాతో పెళ్లి తీయాల్సి వస్తే ఈ మూడూ వద్దు, మామూలు కొత్త కెమెరాయే మేలు. రెండో కెమెరాగా, తీరిక ఉన్న ఫొటోల కోసం అయితే సెన్సర్ మారిన ఎం9 మొదటి ఎంపిక. ఫిల్టర్లతో సహా దొరికితే ఎం8 రెండోది. లీవర్ లాగే సరదా, ఓపిక ఉన్నవాళ్లకు ఎప్సన్. నూజివీడులో రసాల కాయ కొనేవాళ్లు పైతొక్క రంగు చూసి ఊరుకోరు, తొడిమ దగ్గర వాసన చూస్తారు. ఎర్ర చుక్క చూసి డబ్బు తీసేముందు కెమెరాను ఓసారి ఎండలోకి తీసుకెళ్లండి, నల్ల గొడుగు వెంట ఉండాలి.